చేపల పెట్టెలో జెబెల్ షమ్స్ మంచు

జెబెల్ షమ్స్ కొండ మీద మంచు పడిన ఆ జనవరిలో, ఫోర్‌మన్ ఖాదర్ నా నోటికి భయపడి మేస్త్రీ మల్లేశ్ పాస్‌పోర్టు ఇచ్చేశాడని మస్కట్‌లో మేముండే రూవిలో అందరూ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆ రోజు నా నోరు గంటన్నర ఆగకుండా పనిచేసిన మాట నిజమే. ఫలితం మాత్రం సున్నా.

అసలు మేం బయల్దేరిందే ఇంట్లో వాదన వల్ల. ఒమన్‌లో మంచు పడదని మావారు, పడిందని కూరగాయల దుకాణంలో విని వచ్చిన నేను. శుక్రవారం సెలవు. తెల్లవారుజామున నాలుగున్నరకు, స్నేహితుణ్ణి అడిగి తెచ్చిన ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో రూవి దాటాం. ఊరెళ్లేముందు ఫ్రిజ్ ఆపి, ఐసు కరిగించి, పొడిగుడ్డతో తుడవడం నా అలవాటు. ముందురోజే ఆ పని చేస్తుంటే, ఒక్క పూట ప్రయాణానికి కూడానా అని మావారు సణిగారు.

ఏడింటికి నిజ్వాలో ఆగి, ఇంటినుంచి తెచ్చిన ఇడ్లీలు తిని, వంద బైసల చాయ్ తాగాం. వెళ్లాలనుకునేవారికి ఒక మాట: అల్ హమ్రా దాటాక తారు రోడ్డు మీద ఆశ పెట్టుకోకండి. కంకర మీద బండి ఎగిరే ఎగురుడుకు తిన్న ఇడ్లీ మళ్లీ పలకరిస్తుంది. తొమ్మిదిన్నరకు పైకి చేరాం. మంచు ఉంది! బండల సందుల్లో రెండు వేళ్ల మందాన, ఎవరో పెరుగన్నం ఒలకబోసినట్టు. మావారు వేలితో తాకి, “వడగళ్లు కావచ్చు” అన్నారు.

మా తెలుగు విని ఒకతను పరిగెత్తుకొచ్చాడు. ఒంటి మీద ఐదు చొక్కాలు, ఒకదాని మీద ఒకటి. జగిత్యాల వైపు మనిషి, పేరు మల్లేశ్, అక్కడ నీళ్ల ట్యాంకు కడుతున్నాడు.

“అక్కా, జర మీరన్న చెప్పుండ్రి. మూడు దినాల సంది సిమెంటు మాల్ గడ్డకడుతున్నది, గోడకు పడుతలేదు. ఫోన్ల మంచు పడ్డదంటే రూవిల ఉన్న ఫోర్‌మన్ ఖాదర్ నమ్ముతలేడు. పని ఎగ్గొట్టి అబద్ధమాడుతున్నవని పాస్‌పోర్ట్ ఆపిండు. రేపు మధ్యాహ్నం ఫ్లైటు. సోమారం నా బిడ్డ తొట్టెల, పేరు పెడుతరు. ఇప్పటిదాంక దాని ముఖం సూడలే.”

“చెప్పడమెందుకయ్యా, చూపిద్దాం” అన్నాను.

మేం చేపలు తెచ్చుకునే థర్మోకోల్ పెట్టె బండిలోనే ఉంది. తెల్లటి మంచు ఏరి ఏరి నా చేతులతోనే నింపాను. మల్లేశ్ మూత పెట్టి తాడు కట్టి, మాతోపాటే బండెక్కాడు.

మంచు కరగకూడదని దారంతా ఏసీ చివరిదాకా తిప్పి ఉంచాం. కొండ మీద పుట్టని వణుకు బండిలో పుట్టింది. మావారు తలకు తువ్వాలు చుట్టుకుని నడిపారు. మల్లేశ్ పెట్టెను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, ఐదో చొక్కా విప్పి దానికే కప్పాడు.

మూడింటికి రూవి. ఖాదర్ రూము మా వెనక వీధిలోనే. కడపాయన. నేను మూత తీశాను.

“ఏం మేడమ్, ఇది ఫ్రీజర్‌లో గీకిన ఐసు గదా! సదువుకున్నోళ్లు మీరు గూడా ఇట్ల మజాక్ చేస్తే ఎట్ల?”

నాకు ఒళ్లు మండింది. “రండి ఖాదర్ భాయ్, మా ఫ్రీజరే చూద్దురుగాని” అని ఇంటికి లాక్కొచ్చాను. లోపల పొడిగా, కొన్ననాటిలా ఉంది. ఖాదర్ వేలితో రాసి చూశాడు.

“సరే, మీది కాదు. పక్కోళ్లది.”

ఇక మెట్లెక్కాం. మూడంతస్తులు, మాది కాక ఆరు ఫ్లాట్లు. ముందు ఖాదర్, వెనక పెట్టె మోస్తూ మల్లేశ్, మధ్యలో వాదిస్తూ నేను. ఒకావిడ ఖాదర్‌ను రిపేరువాడనుకుని, “ఎప్పుడు రమ్మంటే ఎప్పుడొచ్చావు?” అని కసిరి, ఫ్రిజ్ గోడవైపు జరిపించుకుంది. ఆరు ఫ్రీజర్లలోనూ ఐసు పేరుకున్నది పేరుకున్నట్టే ఉంది, గీకిన గుర్తు లేదు.

“అయితే పక్క బిల్డింగు” అన్నాడు ఖాదర్.

మల్లేశ్ మెట్టు మీద కూలబడ్డాడు. అప్పటికి మంచు సగం నీళ్లయింది. ఖాదర్ పెట్టెలోకి వంగి, అడుగునుంచి నల్లటి గుండొకటి తీశాడు. వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు. మేకపెంటిక.

“చిన్నప్పుడు పదేళ్లు మేకలు కాసినా మేడమ్” అన్నాడు. “ఇది కొండ మీద మేసిన మేకదే. ఫ్రీజర్‌లో మేకలుండవు గదా.” రూముకు వెళ్లి పాస్‌పోర్టు తెచ్చి మల్లేశ్ చేతిలో పెట్టాడు.

శనివారం మల్లేశ్‌ను సీబ్ ఎయిర్‌పోర్టులో దింపి తిరిగొస్తున్నాం. డిగ్రీ చదివిన నా మాట చెల్లలేదు, కళ్లెదుటి మంచు చెల్లలేదు, మేకపెంటిక చెల్లింది. మావారు రూవి రౌండబౌట్ దాకా నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం ఒక లెక్క తేలడం లేదు. ఇరవై ఏళ్లుగా బియ్యంలో రాళ్లేరిన చేతులివి. నేను నింపిన మంచులో ఇసుక రేణువు కూడా లేదు. మూత పెట్టింది మల్లేశ్. ఖాదర్ మేకలు కాసిన మనిషని అతనికి ముందే తెలుసేమో. తొట్టెల చేసుకుని తిరిగొచ్చాక బిడ్డ ఎలా ఉందని తర్వాత అడుగుతాను. ముందు ఇది చెప్పు మల్లేశూ, ఆ పెంటిక మంచులోదా, నీ జేబులోదా?