రెండుసార్లు విప్పిన డైనమో

1979 ఎండాకాలం. వరంగల్ స్టేషన్ రోడ్డులో నాకో ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. ములుగు, పరకాల తిరిగే ట్యాక్సీలు చాలావరకు నా దగ్గరికే వచ్చేవి. వాటిలో నన్ను విసిగించి చంపింది ఎల్లయ్య కాక నడిపే అంబాసిడర్.

దాని రోగం ఒక్కటే, బ్యాటరీ దిగిపోవడం. ఇంజన్ నడుస్తుంటే ఫ్యాన్ బెల్ట్ డైనమోను తిప్పుతుంది, డైనమో బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. మొదటిసారి డైనమో విప్పి లోపల అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు మార్చాను. డాష్‌బోర్డు మీద, ఛార్జింగ్ లేదని చూపే ఎర్ర లైటు ఆరింది. నెల తిరక్కుండానే ములుగు దారిలో బండి మళ్లీ ఆగింది. మళ్లీ విప్పాను. ఏమీ దొరక్క, డైనమో కరెంటును బ్యాటరీకి వదిలే కటౌట్ డబ్బా మార్చాను. అదీ నాలుగు రోజుల ముచ్చటే.

మూడోసారి బండిని తోసుకుంటూ తెచ్చారు. ఇంకోసారి ఆగితే తాళాలు ఇచ్చి పొమ్మన్నాడట ఓనరు. ఇరవై ఏళ్ల నౌకరీ. కాక ముఖం చూడలేకపోయాను. బండి మీద, ఆయన మీద, నా మీద నాకే ఒళ్లు మండింది.

బానెట్ ఎత్తి బెల్ట్ మీద వేలు పెడితే సర్రున జారింది. బెల్టంతా ఆముదం. జారే బెల్ట్ డైనమోను ఏం తిప్పుతుంది? విప్పిన ప్రతిసారీ అది గ్రీజు మరకనుకుని నేనే తుడిచి బిగించేవాణ్ణి. అందుకే కొన్నాళ్లు పనిచేసేది.

"దీనికి నూనె ఎవలు పెట్టమన్నరు కాకా?" అని గట్టిగానే అడిగాను.

ఆయన బిత్తరపోయాడు. "నువ్వే చెప్తివి గద తమ్మీ, డైనమోకు అప్పుడప్పుడు నూనె ఇయ్యమని. శుక్రారం శుక్రారం బండికి పసుపు కుంకుమ పెట్టి, బెల్టుకు ఆముదం రాస్తున్న. ఒక్క వారం గూడ తప్పలే."

నిజమే, చెప్పాను. డైనమో వెనక చిన్న రంధ్రం ఉంటుంది, రెండు చుక్కలు అందులో వేయాలి. ఆ రోజు ఇంకో బండి కింద పడుకుని, తల కూడా బయట పెట్టకుండా చెప్పాను.

కొత్త బెల్ట్ వేసి, ఓనరు దగ్గరికి నేనే వెళ్లి తప్పు నాదని ఒప్పుకున్నాను. నానా మాటలు అన్నాడు, పడ్డాను. కాక నౌకరీ నిలిచింది.

ఆ తర్వాత ఏ డ్రైవర్‌కు ఏ జాగ్రత్త చెప్పినా వేలు పట్టుకుని ఆ చోట పెట్టించేవాణ్ణి. అలా మొదట పట్టుకున్నది ఎల్లయ్య కాక వేలే. దానికింకా ఆముదం వాసన పోలేదు.