మూడో ప్రూఫ్‌లో లేని పేరా

2024 మార్చి. కెనడాలోని మిస్సిసాగాలో విమానాశ్రయం పక్క గిడ్డంగుల వరుసలో ఉంది నా ప్రింటింగ్ షాపు. పెళ్లి పత్రికల నుంచి ఎన్నికల కరపత్రాల దాకా అచ్చువేస్తాను. మా వృత్తిలో ప్రూఫ్ అంటే అచ్చుకు ముందు కస్టమరుకు చూపే నమూనా ప్రతి. దాని మీద సంతకం పడ్డాక ఒక్క అక్షరం కూడా మార్చము. ప్రతి ప్రూఫ్‌నూ తేదీ వేసి దాచడం నా అలవాటు.

ఆ నెల మాధవి గారు వచ్చారు. ఏలూరు మనిషి. చాలాకాలం హోమ్‌కేర్ నర్సుగా, అంటే ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే నర్సుగా పనిచేశారు. సంప్రదాయవాద పార్టీ నామినేషన్‌కు, అంటే అభ్యర్థి ఎవరో పార్టీ సభ్యులే ఓటువేసి తేల్చే పోటీకి, దిగారు. ప్రత్యర్థి ఒక ఇళ్ల వ్యాపారి. ఆయన కరపత్రమూ నా దగ్గరే అచ్చయింది: పన్నులు, ఇళ్లు, కార్ల దొంగతనాలు. ఒక్క ప్రూఫ్, కాఫీ చల్లారేలోపు సంతకం.

మాధవి గారి మొదటి ప్రూఫ్‌లో సగం పేజీ హోమ్‌కేరే. మంచం దిగలేని పెద్దవాళ్లు, వస్తామని రాని నర్సులు. అన్నీ ఆమె కళ్లారా చూసినవి.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చారు.

"ప్రసాద్ గారూ, ఒక లైను కలపాలి. అబార్షన్‌కు ఇక్కడ చట్టం అడ్డులేదు కదా, ఆ పద్ధతిని కదపనని."

"ఎవరడిగారండీ?"

"ఎవరడగలేదో చెప్పండి! ప్రచారానికి వెళ్లిన ఇంట్లో టీ ఇచ్చిన ఆంటీ కూడా కప్పు చేతిలో పెట్టకముందే అదే అడిగింది."

రెండో ప్రూఫ్‌లో ఆ లైను చేరింది, హోమ్‌కేర్ పేరా కొంత కుదించుకుంది. సంతకానికి వచ్చిన రోజున ఆమె కలం తీయలేదు.

"ఈ లైనుంటే చర్చి తరఫు సభ్యులు జారిపోతారని పార్టీ పెద్దలు ఫోన్ చేశారు."

"తీసేద్దామా?"

"తీసేస్తే మా అమ్మాయే ఊరుకోదు. 'మామ్, వాట్ ఆర్ యూ హైడింగ్?' అంటుంది."

చివరికి ఇరుపక్షాలనూ నొప్పించని వివరణ ఒకటి రాసి తెచ్చారు. అది పొడుగైంది, పేజీలో పట్టలేదు.

"అక్షరాలు చిన్నవి చేయండి."

"ఇంకా చిన్నవైతే పెద్దవాళ్లు చదవలేరండీ."

ప్రూఫ్‌ను తనవైపు తిప్పుకున్నారు. "అయితే హోమ్‌కేర్ పేరా తీసేయండి."

"మీరు నిలబడిందే దానికోసం కదండీ!"

"గెలిస్తే కదా, దాని గురించి మాట్లాడేది." అని, సంచిలోంచి ప్రత్యర్థి కరపత్రం తీసి, ఇటూ అటూ తిప్పి చూపించారు. "ఇందులో ఆ ముక్కే లేదు. ఆయన్ని అడిగినవాళ్లూ లేరు. ఆయనింట్లో ఆడవాళ్లే లేరనుకున్నారేమో!"

మూడో ప్రూఫ్ మీద సంతకం పెట్టారు.

ఆమె ఓడిపోయారు. వివరణ చదివి కొందరు పిరికిదన్నారు, కొందరు నమ్మలేమన్నారు. ఆ తర్వాత ఆ నియోజకవర్గంలో హోమ్‌కేర్ మాట ఎత్తిన కరపత్రం నా యంత్రం మీదికి రాలేదు.

వేసవిలో ఒకరోజు వచ్చి, "మొదటి ప్రూఫ్ ఉందా?" అని అడిగారు. తీసిచ్చాను. కౌంటరు దగ్గర నిలబడే చదివి, మడిచి సంచిలో పెట్టుకున్నారు.

"ఇది పంచినా ఓడేదాన్నేమో. కానీ చెప్పదలచుకున్నది చెప్పి ఓడేదాన్ని."

కరపత్రంలో ఒక విషయాన్ని రాయకుండా వదిలే వెసులుబాటు అభ్యర్థులందరికీ సమానంగా దొరకదని ఆ పని నాకు నేర్పింది. ఆయన రాయనిది ఎవరికీ కనిపించలేదు. ఆమె రాసినా తప్పే, రాయకపోయినా తప్పే. మధ్యలో చోటు చాలక ఎగిరిపోయింది మాత్రం మంచం దిగలేని ఆ పెద్దవాళ్ల మాట.