వంగపండు రంగు శాలువా

"ఆంటీ పోయిందమ్మా, వెంటనే రా" అని పక్క ఫ్లాట్ అంకుల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "ఏ ఆంటీ?" అని అడిగాను. దేశం కాని దేశంలో, ఈ క్లెమెంటి పేటలో నాకు గది అద్దెకిచ్చిన ఇటలీ ఆంటీ తప్ప మా ఇద్దరికీ తెలిసిన ఆంటీ ఇంకెవరు? పొద్దున ఆమె గది తలుపు మూసే ఉంది. నాలుగు రోజుల కిందట నాటకమాడిన మనిషి, ఇంకా అలసట తీరలేదనుకుని వచ్చేశాను. ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

పద్నాలుగేళ్లకే వాళ్ల ఊళ్లో రంగస్థలం ఎక్కిందట. తర్వాత సినిమాలు. ఒక్కదాంట్లో కథానాయిక, మిగతావాటిలో నర్సు, పనిమనిషి, తలుపు తీసే ఆవిడ. "తలుపు తీసే వేషమైనా, వెనకాల ఇల్లెలా ఉంటుందో నాకు తెలియాలి" అనేది. సెంబవాంగ్ ఓడల యార్డు ఇంజనీరును పెళ్లాడి ఇక్కడికొచ్చాక ఆట ఆగిపోయింది. ఆయన పోయి ఆరేళ్లు.

రెండువేల సంవత్సరం వస్తోందని కంపెనీలన్నీ కంప్యూటర్లను సరిచేయించుకుంటున్న రోజులు; నేనిక్కడికొచ్చిందీ ఆ పని మీదే. క్లయింటు ముందు మాట్లాడాలంటే నాకు వణుకు. "మాట మర్చిపోతే మంచినీళ్లు తాగు. ఆలోచిస్తున్నావనుకుంటారు లా!" అని, ఇక్కడివాళ్ల 'లా' చివర తగిలించి మరీ నేర్పింది ఆమే. నా ఉద్యోగం ఆ నీళ్ల మీదే నిలబడింది.

ఇన్నేళ్లకు కమ్యూనిటీ హాల్లో ఇరవై నిమిషాల ఏకపాత్ర దొరికింది. మనవాళ్ల అలవాటు కొద్దీ, తెర లేవకముందే వెళ్లి పట్టుశాలువా కప్పాను. మంచి వంగపండు రంగు. ఆమె ముఖం పాలిపోయింది. ఆ రంగు వాళ్ల నటులకు అపశకునమట. పూర్వం ఉపవాసాల నలభై రోజులూ చర్చిలో ఆ రంగే కట్టేవారు, నాటకశాలలు మూసేవారు, నటులకు పస్తులు. నేను సిగ్గుతో తీసేయబోతే చెయ్యి పట్టుకుంది. "నువ్వు ప్రేమగా కప్పావు. ఉండనీ." అలాగే వేదిక ఎక్కింది.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకునే మనిషిని, రంగుకూ చావుకూ లంకె లేదని తెలుసు. తెలిస్తే మాత్రం మనసు వింటుందా? నా చేత్తో నేనే కప్పానే అని కుమిలిపోతున్నాను. "వయసమ్మా, నీ తప్పేముంది" అంటాడు అంకుల్.

నాటకం నాటి సాయంత్రం ఒక్క మాట తడబడలేదు ఆమె. చప్పట్లయ్యాయి, జనం మకాన్‌కు, అదే భోజనాలకు, వెళ్లిపోయారు. పిలుద్దామని వెళ్లిన నేను తెర పక్కనే ఆగిపోయాను. ఆమె ముఖంలో భయం కోసం వెతికాను, లేదు. కింద కుర్చీలు మడుస్తున్న ముసలాయన పని ఆపి, ఒక్కడే చప్పట్లు కొట్టాడు. ఆ ఒక్కడికీ ఆమె, శాలువా అంచు నేలకు తగిలేదాకా వంగి నమస్కరించింది.