మంగళవారం పరీక్ష

మా అపార్ట్‌మెంట్ కమిటీకి అప్పుడప్పుడూ నాగరికత పూనుతుంది. ఒకసారి పూనినప్పుడు లిఫ్టులో నిలువుటద్దాలు పెట్టించారు. ఇంకోసారి వాచ్‌మన్ మెడకు టై కట్టించారు. మూడో పూనకంలో గేటు పక్కనున్న కటింగ్ షాపు మీద పడ్డారు. కాంప్లెక్స్ షాపుల్లో పనిచేసేవాళ్లందరూ ప్రభుత్వ శిక్షణ సర్టిఫికెట్ చూపించాలట. నెలాఖరులోగా చూపించకపోతే షాపు ఖాళీ చేయాలట. ఎలక్ట్రీషియన్ దగ్గర అలాంటి కాగితం ఉంది. ఏసీలు బాగుచేసే అతని దగ్గరా ఉంది. మా అన్న దగ్గర లేదు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, ఆ షాపాయన. మణికొండలో ఇంకా బండరాళ్లు కనిపించే రోజుల్లోనే పాలమూరు వైపు నుంచి వచ్చి కుర్చీ వేసుకున్నాడు. నాకంటే బాగా పెద్దవాడు. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సారూ అంటాడు. నా నడినెత్తిన రెండు సుడులున్నాయి. రెండు పెళ్లిళ్లవుతాయని చిన్నప్పుడు ఏడిపించేవారు. ఒక్క పెళ్లికే సగం జుట్టు ఊడింది, అది వేరే సంగతి. ఎక్కడ కటింగ్ చేయించుకున్నా ఆ సుడుల దగ్గర నాలుగు వెంట్రుకలు లేచి నిలబడతాయి. ఈయన చేతిలో మాత్రం బుద్ధిగా పడుకుంటాయి. ఆ షాపు పోయి, దాని స్థానంలో ఏ గాజు తలుపుల సెలూనో వస్తుందంటే నాకు కడుపు మండిపోయింది. మీటింగులో గట్టిగానే అరిచాను. సెక్రటరీ చిరునవ్వు చెదరకుండా, రూల్ అందరికీ ఒకటే కదండీ అన్నాడు. ఆ చిరునవ్వు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అన్న మాత్రం ఫికర్ చేయలేదు. నేర్చుకుంటే ఏం పోయిందని లింగంపల్లిలో ఒక కాలనీ హాల్లో జరిగే శిక్షణకు షాపు మూసుకుని మరీ వెళ్లాడు. సాయంత్రాలు నేను ఆఫీసు నుంచి వస్తూ ఆగితే ఆ రోజు పాఠం చెప్పేవాడు. చేతికి గ్లవ్స్ తొడగాలట. పరికరాలు మందునీళ్లలో నానబెట్టాలట. వచ్చినవాళ్లకు చిరునవ్వుతో స్వాగతం చెప్పాలట, అది చెబుతూ ఆయనే నవ్వాడు. కటింగ్ అయ్యాక తల పట్టుకుని మెడ టక్కున విరిచే పని మాత్రం ఇక చేయకూడదన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ చిన్నబుచ్చుకున్నాను. నా వారం అలసటంతా ఆ టక్కుతోనే పోయేది.

ఆఖరికి పరీక్ష రోజు చెప్పారు. మంగళవారం.

ఆ రోజు పెట్టిన మహానుభావుడెవరో గానీ బాగానే ఆలోచించాడు. మంగళవారం కటింగ్ షాపులన్నీ మూసే ఉంటాయి, కాబట్టి అందరూ ఖాళీ. ఎందుకు మూసి ఉంటాయన్నది మాత్రం ఆయనకు తట్టలేదు. పరీక్ష రాసే ప్రతి ఒక్కరూ కటింగ్ చేయించుకోవడానికి ఒక మనిషిని వెంట తెచ్చుకోవాలి. మంగళవారం పూట కత్తెర కింద తల పెట్టేవాడు ఎవడు? అన్న మేనల్లుడు ముందు సరేనన్నాడు. సోమవారం సాయంత్రానికి జ్వరమన్నాడు. పక్కింటి డ్రైవర్ ఫోనే ఎత్తలేదు. నేను వస్తానన్నాను. అన్న దువ్వెన తుడుస్తూ, అమ్మను అడిగి రమ్మన్నాడు.

మా అమ్మ నాతోనే ఉంటుంది. ఆవిడ వాదించకుండా ఉప్మాలో ఉప్పు కూడా వేయదు. పొద్దున్న చెప్పగానే ఇక పెద్ద యుద్ధమే అనుకుని సిద్ధపడ్డాను. ఆవిడ వాదించలేదు. "వద్దురా" అని ఒక్కమాట అని దేవుడి గదిలోకి వెళ్లిపోయింది. చాదస్తం అని విసుక్కుని, చెప్పులేసుకుని వచ్చేశాను.

హాల్లో చూస్తే పరీక్షకు వచ్చినవాళ్లు బోలెడు మంది, తలలు మాత్రం కరువు. ఒకాయన బావమరిదిని తెచ్చాడు. ఆ బావమరిది ముందురోజే తిరుపతి నుంచి వచ్చాడు, నున్నటి గుండు. పరీక్ష పెట్టే అమ్మాయి ఆ గుండు వైపు, చేతిలో ట్యాబ్ వైపు మార్చి మార్చి చూసింది. ఇంకొందరు దేవుడికి దండం పెట్టుకుని ఒకరి ముందు ఒకరు తలలు వంచారు. నేను దర్జాగా కుర్చీలో కూర్చున్నాను. అన్న నా మెడకు గుడ్డ కట్టాడు, జుట్టు తడిపాడు, కత్తెర తీశాడు. తీసి అలాగే నిలబడ్డాడు.

"అమ్మను అడిగిన్రా సారూ?"

అడిగానన్నాను. అది అబద్ధం కాదు. ఏమన్నదని అడిగాడు. నేను నీళ్లు నమిలాను. ఆయన కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

నాకు చిర్రెత్తింది. ఇన్నాళ్ల శిక్షణ బూడిదలో పోస్తావా, షాపు పోతే ఎక్కడ కూర్చుంటావు, ఈ రోజుల్లో కూడా మంగళవారమేమిటి అని గొంతు తగ్గించి చెడామడా తిట్టాను. ఆయన అన్నీ విన్నాడు.

"పెద్దసారు దవాఖానకు పోయిన దినం గూడ మంగళారమే సారూ" అన్నాడు. "పొద్దుగాల అమ్మ మా ఇంటికొచ్చి పిలిస్తే కాదనలేకపోయిన. గడ్డం నేనే గీసిన. సారు మళ్ల ఇంటికి రాలె. ఇగ మీ తల గూడ మంగళారం ముట్టమంటరా?"

పెద్దసారంటే మా నాన్న. ఆ రోజు ఆస్పత్రిలో చేర్చే పని కోసం నేను ముందే వెళ్లిపోయాను. తర్వాత నాన్నను ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే చెంప నిమిరాను. నున్నగా ఉంది. ఆయనే గీసుకున్నారనుకున్నాను. ఆపరేషన్ బల్ల మీదే ఆయన పోయారు. అప్పటి నుంచి ఈ మనిషి ఎన్నిసార్లు నా తల రెండు చేతుల్లో పట్టుకుని ఉంటాడు! ఈ మాట ఒక్కసారీ బయట పెట్టలేదు. పొద్దున అమ్మ ఎందుకు వాదించలేదో అప్పుడు అర్థమైంది. ఆ కుర్చీలో కూర్చుని నేను ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

అమ్మకు ఫోన్ చేశాను. అన్న చెప్పిందంతా చెప్పాను.  విని, ఫోన్ ఆయనకివ్వమంది. ఆయన గ్లవ్స్ తీయలేదు కాబట్టి స్పీకర్‌లో పెట్టాను.

"బాబూ, ఆ రోజు నిన్ను పిలిచింది నేను" అంది అమ్మ. "మాసిన గడ్డంతో ఆస్పత్రికి రానని ఆయన మొండికేశారు. నువ్వు గీశాక అద్దంలో చూసుకుని పెళ్లికొడుకులా ఉన్నానా అని నన్నడిగి నవ్వారు. ఆయన నవ్వగా నేను చూడటం అదే ఆఖరు. అదంతా నీ చేతి చలవే. ఇప్పుడూ నేనే చెబుతున్నాను, వాడికి కటింగ్ చెయ్యి."

అన్న చొక్కా భుజానికి కళ్లు తుడుచుకున్నాడు. పరీక్ష పెట్టే అమ్మాయి అప్పటిదాకా కిటికీ వైపు చూస్తూ ఉంది. మొదలుపెట్టండి బాబాయ్ గారూ, మీ టైమ్ ఇప్పటి నుంచే లెక్కేస్తాను అంది. కత్తెర మొదట కాస్త తడబడింది, తర్వాత ఎప్పటి చప్పుడు అందుకుంది.  కటింగ్ అయ్యాక పాసైనట్టు అక్కడే చెప్పారు.

మా ఇంట్లో కటింగ్ చేయించుకుని వచ్చినవాడిని ఎవరూ ముట్టుకోరు. గుమ్మంలోంచి గోడలకు తగలకుండా నేరుగా స్నానాల గదికి పోవాలి. అమ్మ ఎప్పుడూ దూరంగా నిలబడి, తువ్వాలు తలుపు మీద వేసి తప్పుకుంటుంది. ఆ రోజు తలుపు తీసి అక్కడే నిలబడింది. నేను పక్కకు ఒదిగి వెళ్లబోతే ఆపి, నా తల మీద చెయ్యి పెట్టింది. చెవుల వెనక, మెడ మీద, సుడుల దగ్గర మెల్లగా తడిమింది. పాసయ్యాడా అని అడిగింది. పాసయ్యాడన్నాను. చెయ్యి మాత్రం తీయలేదు.

"మీ నాన్నకీ చెవుల వెనక ఇలాగే తీసేవాడు" అంది.