జీపులో ఇద్దరున్నారు

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, నాలుగు మాటలది. దించుకునే చోటు దొరకలేదని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. దించాలని అనుకోలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. పొద్దున అలిపిరి దాకా నడక, ఆ తర్వాత ఫోన్లో చదువు. ఈమధ్య ఒక దూరదేశం గురించి వరసగా చదివాను. అక్కడి ప్రభుత్వంలోని రహస్య విభాగాలవాళ్లే మత్తుమందు రవాణాకు దారి వదిలారట. చదివేకొద్దీ విసుగు. ప్రతి పేరాలోనూ 'ఆరోపణ', 'అంటారు', 'కాగితాలు దొరకలేదు'. చూసినవాడు ఒక్కడైనా ఉండడా? వాడికి నోరుండదా? నడకకు వచ్చే మిత్రులతో నాలుగు రోజులు ఇదే వాదన. చివరికి వాళ్లలో ఒకాయన, బడిపంతులుగా చేసినవాడు, నా పోరు పడలేక అన్నాడు.

"సూసినోడు నీ మాదిరే పింఛను తీసుకుంటా యాడో నడస్తా ఉంటాడులే అప్పా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ రోజంతా ఫోను తెరవలేదు.

ఎందుకంటే ఆ చూసినవాణ్ణి నేనే. దూరదేశంలో కాదు. పుత్తూరు దాటి తమిళనాడుకు పోయే దారిలో.

అక్కడొక చెక్‌పోస్టులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. దాటే ప్రతి బండినీ పుస్తకంలో రాయాలి: నంబరు, సరుకు, లోపల ఎందరు. ప్రభుత్వ బోర్డున్న బండిని మాత్రం రాసేవాళ్లం కాదు. రాయొద్దని ఎవరూ చెప్పలేదు. నేను చేరేనాటికే అలవాటు. గేటు ఎత్తడం, దండం పెట్టడం, అంతే.

ఒక మధ్యాహ్నం మా శాఖ జీపే వచ్చింది. తోలుతున్నది మునిరత్నం. నగరి మగ్గాల వీధివాడు, నేత మానేసి మా దగ్గర తాత్కాలిక డ్రైవరుగా చేరాడు. వెనక సీట్లో మా పై అధికారి. మోకాలి నుంచి పాదం దాకా పుత్తూరు కట్టు. ఆ కాలు మూటల మీద చాపి ఉంది. పుత్తూరు కట్టు కట్టిన కాలిని మా వైపు ఎవరూ కదిలించరు. కూడుకుంటున్న ఎముక తప్పుతుందని భయం. ఇక కింద ఉన్న మూటలు దించమని ఎవరడుగుతారు?

నేను ఆ కట్టు ఎరగనివాణ్ణి కాదు. చిన్నప్పుడు చెయ్యి విరిగితే నాయన బస్సులో తీసుకుపోయి కట్టించాడు. ఆకుపసరూ గుడ్డుసొనా పీల్చుకుని గుడ్డ ముదురు రంగు తేలి గట్టిపడుతుంది. విప్పేదాకా ఆ వాసన వదలదు. ఈ కట్టు ఉతికిన పంచెలా తెల్లగా ఉంది. పసరు వాసన లేదు. వచ్చింది గంజాయి వాసన.

తెలిసింది. గేటెత్తాను. దండం కూడా పెట్టాను.

సరిహద్దు దాటాక పక్క రాష్ట్రం పోలీసులు జీపును పట్టుకున్నారు. అప్పటికి అందులో మునిరత్నం ఒక్కడే ఉన్నాడు. ఎవరికీ చెప్పకుండా బండి తీసుకుపోయాడని అతని మీద కేసు కట్టారు. విచారణకు వచ్చినవాళ్లు నన్నడిగారు. "డ్రైవరు ఒక్కడే ఉన్నాడు సార్" అన్నాను. సంతకం పెట్టాను. పుస్తకంలో చూద్దామంటే అసలు ఆ బండే లేదు.

వారం తర్వాత అతని భార్య చెక్‌పోస్టుకు వచ్చింది. బెంచీ చూపిస్తే కూర్చోలేదు.

"మీరు సూసినారంట గదా సార్. దండం గూడా పెట్టినారంట. మా ఆయన సెప్పినాడు."

"బోర్డు బండి వస్తే పెడతామమ్మా. లోపల ఎవరుండారో సూడం."

"సూడకుండా ఎవురికి పెట్టినారు సార్?"

నేను వెనకున్న లారీవాణ్ణి కాగితాలు తెమ్మని పిలిచాను. ఆమె వెళ్లిపోయింది.

మునిరత్నం ఏళ్లతరబడి జైల్లో ఉన్నాడు. మూటల్లో ఏముందో అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. ఆ తెలియదనే మాటనే తలకింద పెట్టుకుని ఇన్నేళ్లు నిద్రపోయాను. జీపులో ఉన్నది అతను ఒక్కడే కాదని మాత్రం తెలుసు. ఎందుకు చెప్పలేదు? భయమా? భయమే అయితే ఆ అధికారి రిటైరయ్యాక పోవాలి కదా? ఆయన వీడ్కోలు సభకు రెండు కాళ్ల మీదా చక్కగా నడిచొస్తే శాలువా కప్పింది నేనే. అది భయం కాదు, సుఖం. నాకు నష్టం రాని నిజాల కోసమే ఇంతకాలం గొంతు చించుకున్నాను. దూరదేశపు ప్రభుత్వాన్ని తిట్టిన నోటితో ఎప్పుడైనా అనుకున్నానా, ఆ గేటు దగ్గర ప్రభుత్వం నేనేనని? గేటెత్తే తాడు నా చేతిలోనే ఉందని?

ఇప్పుడతను నగరిలో ఎవరిదో పవర్‌లూమ్ దగ్గర కూలికి పోతున్నాడట. బండి తాళం ఎవరూ చేతికివ్వరట. భార్య తప్ప అతని మాట నమ్మినవాళ్లు లేరట. దీని ప్రతి ఒకటి వాళ్లకు పంపుతున్నాను. ఇక్కడ నా పేరు లేదు, అందులో ఉంది. కోర్టుకు పోతారో, చించి పారేస్తారో వాళ్ల ఇష్టం. క్షమించమని రాయలేదు. అడిగే మొహం లేదు. బరువు తీరిందనీ అనను. పట్టు కొంచెం సడలింది, అంతే.

ఆ రోజు పుస్తకంలో రాయని వరస మాత్రం చివర రాశాను. శాఖ జీపు. మూటలు, గంజాయి వాసన. లోపల ఇద్దరు. ఒకరి కాలికి తెల్లటి కట్టు. చూసినవాణ్ణి నేను.