స్లాబు రోజున నాచారం మీది మబ్బు

నిన్న మధ్యాహ్నం అన్నానికి కూర్చోబోతుంటే ఫోను ఒక్కసారిగా మోగింది. రాగల మూడు గంటల్లో నగరానికి తూర్పున పలుచోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన వాన పడవచ్చట, చెట్ల కింద నిలబడవద్దట. మా అమ్మాయి అది చదివి, ఆరేసిన బట్టలు లోపల పడేసి, ఏమీ జరగనట్టే పప్పు వడ్డించుకుంది. నేను మాత్రం కంచం అలాగే వదిలేసి డాబా మీదికి పరుగెత్తాను. ఎండాకాలం మబ్బు వస్తోందని వింటే ఇప్పటికీ నా కాళ్ళు నేల మీద నిలవవు.

దానికి కారణం చెప్పాలంటే ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. అప్పుడు నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక నూలు మిల్లులో పనిచేసేవాణ్ణి. గాలి పొడిబారితే దారం తెగిపోతుంది కాబట్టి మిల్లులో తేమను కనిపెట్టి ఉండడమే నా ఉద్యోగం. గోడకు రెండు థర్మామీటర్లు పక్కపక్కనే ఉండేవి, ఒకటి మామూలుది, రెండోదాని కొసకు తడిగుడ్డ చుట్టి ఉండేది. రెండింటి మధ్య తేడా ఎక్కువుంటే గాలి పొడిగా ఉన్నట్టు, తగ్గితే తేమ చేరినట్టు. నాకు లెక్కల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది, కాలేజీ చదువు మాత్రం అంతంతే. ఇంటి వెనక నీడలో కూడా అలాంటి జత ఒకటి వేలాడదీసుకున్నాను. ఎండ నలభై రెండు దాటిన రోజుల్లో పొద్దున్నే ఆ తేడా ఉన్నట్టుండి తగ్గిందంటే సాయంత్రానికి మబ్బు లేస్తుందని మూడు ఎండాకాలాలు చూసి నాకు నేనే తేల్చుకున్నాను.

ఆ రోజుల్లో వాతావరణం కబురంటే రేడియోనే. మీలో చాలామందికి ఆ మాట చెవిలో ఉండే ఉంటుంది, తెలంగాణలో ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు పడవచ్చును అని. ఆ ఒకటీ ఎక్కడో, ఆ రెండోది ఎక్కడో ఎవరూ చెప్పేవారు కాదు. మా గల్లీలో దాని మీద రోజూ వాదనే.

సరిగ్గా అలాంటి మే నెలలో మా అక్కా బావా స్లాబు వేసుకోవాలనుకున్నారు. బావది జనగామ దగ్గరి ఊరు, మందుల ఫ్యాక్టరీలో పని. అప్పటిదాకా వాళ్ళుండింది మా గల్లీలోనే ఒక రేకుల ఇంట్లో. ఎండాకాలం ఆ రేకుల కింద పిల్లలకు ఒళ్ళంతా చెమటకాయలు పేలేవి, అక్క తడి చీరలు కిటికీలకు కట్టి రోజు గడిపేది. ఇదే చివరి ఎండాకాలమని ఒట్టు పెట్టుకుని రేకులు విప్పించేసింది. గోడలు లేచాయి, చెక్కలూ ఇనుపచువ్వలూ అమరాయి, సంసారం పక్కింటి వరండాలోకి మారింది. ఇక మిగిలింది సిమెంటు పోయడమే. పచ్చి సిమెంటు మీద పెద్ద వాన పడితే పాలన్నీ కొట్టుకుపోయి కంకర తేలుతుంది. సగంలో ఆపితే ఆ అతుకు దగ్గర ఇల్లున్నన్నాళ్ళూ నీళ్ళు కారతాయి. మళ్ళీ మొదటి నుంచి పోయించే ఓపిక వాళ్ళకు లేదు.

ముందురోజు సాయంత్రమే నా జతలో తేడా కుంచించుకుపోవడం మొదలైంది. రేపు మధ్యాహ్నం దాటితే మబ్బు తప్పదని, పని తెల్లవారకముందే మొదలుపెట్టాలని వెళ్ళి చెప్పాను. బావ తల గోక్కున్నాడు.

"పంతులు పదింటికి పెట్టిండు గద బామ్మర్దీ ముహూర్తం!"

పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి అయితే నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "గీ గాజుగొట్టాలు సూసి సిమెంటు కలుపుడు నా బతుకుల సూడలె సారూ."

తేల్చింది అక్కే. "వాన ముహూర్తం సూసుకోని వస్తదా? కొబ్బరికాయ పొద్దుగాల కొట్టినా పలుగుతది. నా తమ్ముడు చెప్పినట్టే చెయ్యిన్రి."

అలా వెలుగు రాకముందే కాయ కొట్టాం. తీరా చూస్తే మిక్సరు వచ్చింది గానీ అంత పొద్దున అడ్డా మీద కూలీలు సగం మందే దొరికారు. అప్పుడు జరిగింది చూడండి, ఇప్పుడు చెబుతుంటే కూడా ఒళ్ళు పులకరిస్తోంది! ఎవరూ పిలవకుండానే గల్లీకి గల్లీయే కదిలి వచ్చింది. రాత్రి షిఫ్టు దిగి వస్తున్న నా మిల్లు దోస్తులు టిఫిన్ డబ్బాలు గోడ మీద పెట్టి వరసలో నిలబడ్డారు. బెజవాడ నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి భార్య, మేం పిన్నిగారనేవాళ్ళం, బకెట్టుతో మజ్జిగ తెచ్చింది. మిక్సరు దగ్గర నుంచి నిచ్చెన మీదుగా పైదాకా సిమెంటు తట్టలు చేతులు మారుతూ పోతుంటే, కింది నుంచి ఒకరు కూత వేస్తే పై నుంచి ఇంకొకరు అందుకునేవారు. మూల మీద టెంట్‌హౌస్ నడిపే చాచా తన దగ్గరున్న టార్పాలిన్లన్నీ రిక్షాలో వేయించుకుని వచ్చి, "ఫికర్ చెయ్యకు బేటా, మబ్బు మీదనే షామియానా ఏస్త" అన్నాడు.

మధ్యాహ్నానికి ఆఖరి తట్ట పడింది. మేస్త్రి ఇంకా పైన సాపు చేస్తుండగానే నాగోల్ వైపు ఆకాశంలో మబ్బు గోబీపువ్వులా ఎగదన్నుకుని లేచింది. చూస్తుండగానే దాని అడుగు నల్లబడి ఉప్పల్ మీదికి వాలింది. దుమ్ము లేచింది, తలుపులు కొట్టుకున్నాయి, మెరుపుకీ ఉరుముకీ మధ్య నేను వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాను, అది తగ్గుతోంది, ఇంకా తగ్గుతోంది! టార్పాలిన్ల అంచులు పట్టుకుని అందరం నాలుగు వైపులా బిగబట్టి నిలబడ్డాం. అక్క కళ్ళు మూసుకుంది.

ఒక్క చుక్క పడలేదు. మబ్బు ఉప్పల్ దాటి అటునుంచటే హబ్సిగూడ మీదికి పోయి అక్కడ కుండపోతగా కురిసిందని తర్వాత తెలిసింది. మాకు మిగిలింది నోటినిండా దుమ్ము. ముందుగా నోరు తెరిచింది మేస్త్రే.

"ఏంది సారూ, మీ మబ్బుకు మా గల్లీ అడ్రస్ చెప్పలేదా?"

అంత నవ్వు ఆ గల్లీలో మళ్ళీ వినలేదు. సాయంత్రం స్లాబు దావత్‌లో మాంసం ముక్కలతో పాటు నన్నూ నమిలేశారు.

అసలు చిక్కు మర్నాడు వచ్చింది. గట్టిపడుతున్న స్లాబు మీద చిన్న గట్లు కట్టి నీళ్ళు నిలపాలి, లేకపోతే ఆ ఎండకు పగుళ్ళు వస్తాయి. బోరు ఎండిపోయింది, వస్తానన్న ట్యాంకరు రాలేదు. తడిపిన గోనెసంచులు నిమిషాల్లో అప్పడాలయ్యాయి. బిందెలతో అటూ ఇటూ పరుగులు పెడుతూ అక్క ఏడుపు మొహం పెట్టింది. బావ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు, ఈరోజు నీ గొట్టాలు ఏమంటున్నాయని. పొద్దున చూశాను, తేడా బాగా పెరిగింది, గాలి పొడిగా ఉంది. రాదు బావా అన్నాను.

బావ మొహం వెలిగిపోయింది. "గంతే! నిన్న వస్తదంటివి, రాలె. జర గట్టిగ చెప్పు, మబ్బుకు ఇనబడాలె."

నాకు రోషం వచ్చి, రాదని గొంతెత్తి అరిచాను. అయిదింటికి, నేను చూడని మల్లాపూర్ వైపు నుంచి చల్లగాలి తోసుకొచ్చింది, ఆ వెనకే వాన! కట్టిన గట్లన్నీ నిండి పొర్లాయి. అక్క పిల్లల్ని చంకలకెత్తుకుని పైకి ఎక్కింది, మేస్త్రీ చాచా పిన్నిగారూ అందరూ ఎక్కారు, తన సొంత కప్పు మీద తడుస్తూ అక్క ఏడ్చిందో నవ్విందో ఆ నీళ్ళలో తెలియలేదు.

ఆ స్లాబు ఈనాటికీ ఒక్క చుక్క కారలేదు. దాని మీద ఇంకో రెండు అంతస్తులు లేచాయి, పై వాటాలో ఇప్పుడు నేనే ఉంటున్నాను. రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది, మిల్లు మూతబడింది. మొన్న ఎదురుగా అపార్ట్‌మెంటుకు స్లాబు వేశారు. తొండం లాంటి గొట్టమున్న బండి వచ్చి పోసి వెళ్ళిపోయింది, గల్లీలో ఎవరూ గుమ్మం దాటి తొంగిచూడలేదు. తప్పు పట్టడానికేమీ లేదు, పని నాణ్యంగానే అయింది. ఫోను కూడా మా రేడియో కన్నా ఎంతో నయం, వాన ఏ గంటకు వస్తుందో చెబుతుంది. ఆ గంటకు మనిషికి మనిషి తోడు అవసరమయ్యే పనే మిగల్లేదు.

నిన్న డాబా మీద నిలబడి చుట్టూ చూస్తే ఎటు చూసినా నల్లటి నీళ్ళ ట్యాంకులే, ఒక్క తలా కనబడలేదు. ఉప్పల్ మీద మబ్బు మాత్రం అచ్చం అలాగే లేచింది. వెనక ఆయాసపడుతూ అడుగుల చప్పుడు. నెరిసిన జుట్టుతో బావ, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"ఏమంటవ్ బామ్మర్దీ, వస్తదా?"

"రాదు బావా" అన్నాను, మబ్బుకు వినబడేంత గట్టిగా.