సాతో గారి గిన్నె ముందు

రాయ్‌పూర్‌లో నా సహనాన్ని పరీక్షించింది ఎండ కాదు, ఒక భోజనం. అక్కడి బీర్‌గావ్ ఫ్యాక్టరీలో కొత్త యంత్రం బిగించడానికి నాతో జపాన్ ఇంజనీరు సాతో గారు వచ్చారు. గెస్ట్‌హౌస్‌లో మాకు వండిపెట్టే సూరమ్మది శ్రీకాకుళం వైపు.

ఆదివారం మధ్యాహ్నం సాతో గారు తమ దేశపు వంట తానే చేస్తానన్నారు. బల్ల మధ్య కరెంటు పొయ్యి పెట్టి, గిన్నెలో మరిగే నీళ్ళలో కోడిముక్కలు, క్యాబేజీ, పుట్టగొడుగులు ఒక్కొక్కటే వేశారు. గంటకు గాని అది ఉడకలేదు. తీరా ఉడికాక, సూరమ్మ కూర్చుంటేనే మొదలుపెడదామన్నారు!

"నాకొద్దు బాబూ. అందరూ ఒకే గిన్నెలో తింతే ఎంగిలి కాదేటి?" అంది సూరమ్మ.

ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆయన వడ్డనకు విడిగా పెట్టిన గరిటె చూపించి, ఖాళీ కుర్చీ లాగి, చేతులు కట్టుకున్నారు.

"కూర్చో సూరమ్మా, లేకపోతే ఈయన నన్ను తిననివ్వడు," అని బతిమాలాను.

"ఆరేళ్ళు బట్టి వండుతున్నాను, ఈ బల్ల కాడ ఎప్పుడూ కూకోనేదు," అంటూ కుర్చీ అంచున కూర్చుంది.

ఇక మొదలైంది. ఆమె ఊరేదని ఆయన, ఆయనకు పిల్లలెందరని ఆమె. మధ్యలో నేను దుబాసీని. ఇద్దరూ నవ్వుకుంటూ తింటున్నారు, నేను మాటలు మోస్తున్నాను. నేను గిన్నెలోకి చూసేసరికి క్యాబేజీ ఒక్కటే మిగిలింది.

"ఇంకోటి అడగండి బాబూ, ఆళ్ళావిడ పేరేటో," అంది సూరమ్మ, ఈసారి కుర్చీలో వెనక్కి వాలి.

విసుక్కుంటూనే అడిగాను.